కడగకూడని కుండ

పలాస వెళ్లొచ్చానని తెలిసిన ప్రతివాళ్లూ జీడిపప్పు ఏదీ అని చెయ్యి చాపారు. తెచ్చాను గానీ అది రెండు రోజుల్లోనే అయిపోయింది. ఆ ఊరి నుంచి నేను పగలంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నది మాత్రం ఒక స్టీలు క్యాను. అందులో ఏముందో చెప్పగానే మా స్టాఫ్ రూంలో సగం మంది కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నేను ఏలూరులో బయాలజీ టీచర్ని. ఇరవై ఏళ్లుగా పిల్లలకి సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. దానికోసం నేనే ఒక చార్టు గీశాను. ఎర్రరంగు బాక్టీరియా, వాటికి కోరలు, పక్కన సబ్బుబిళ్ల పట్టుకున్న ఒక చెయ్యి. నా సంసారమూ ఆ చార్టులాగే ఉండేది. బ్యాగులో సబ్బు, బ్లీచింగ్ పౌడర్ పొట్లం లేకుండా గడప దాటేదాన్ని కాదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు కాఫీకి ముందు చేతులు కడుక్కోవలసిందే.

అలాంటి నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. రెండోసారి గట్టి మందులు వాడారు. జ్వరం పోయింది గానీ కడుపు నాతో తెగతెంపులు చేసుకుంది. ఏడు నెలలు ఏది తిన్నా నిలవలేదు. పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పడేసి పరుగెత్తడం, తిరిగొచ్చేసరికి పిల్లలు నవ్వు దాచుకోవడం మామూలైపోయింది. పెళ్లిళ్లు మానేశాను, సినిమాలు మానేశాను, రొట్టెముక్కలతో కాచిన నీళ్లతో రోజులు నెట్టుకొచ్చాను. రాజీనామా కాగితం రాసి బీరువాలో చీరల కింద పెట్టాను. స్కూలు తెరిచేనాటికి ఒక్కపూటైనా భయం లేకుండా అన్నం తినగలిగితే దాన్ని చింపేద్దామని, లేకపోతే ఇచ్చేద్దామని అనుకున్నాను.

మా డాక్టరు గారు పెద్దాయన. పరీక్షలన్నీ చూసి, రోగం పోయిందమ్మా, దానితోపాటు మంచివాళ్లు కూడా పోయారు అన్నారు. మన పేగుల్లో లెక్కకందనన్ని బాక్టీరియా కాపురముంటాయి. మనకి అరగని పీచుని అవే అరగదీస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, చెడ్డవాటికి చోటు దొరక్కుండా చూస్తాయి. మందులు మంచీ చెడూ చూడకుండా ఊడ్చేశాయి. ఇది నాకు తెలియనిదేమీ కాదు, పాఠం చివర నాలుగు లైన్లలో ఉన్నదే. పరీక్షలో రాదని నేనే వదిలేయించేదాన్ని. క్లాసులో బుద్ధిమంతులంతా సెలవు పెడితే మొదటి బెంచీ ఎవరి పాలవుతుందో టీచరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. పెరుగు తినండి, పులిసినవి తినండి, భయం తగ్గించుకోండి, కొన్నాళ్లు ఊరు మారండి అన్నారాయన. మొదటి మూడూ నావల్ల కాలేదు. నాలుగోది చేశాను.

పలాస

బీఎడ్‌లో నాతో ఒకే గదిలో ఉన్న నీలవేణి ఇప్పుడు పలాస దగ్గర ఉద్దానంలో అత్తవారింట ఉంటూ దగ్గర్లోని స్కూల్లో పనిచేస్తోంది. వేసవి సెలవులకి రమ్మని తనే ఉత్తరం రాసింది. రైల్లో టీసీని బతిమాలి మరుగుదొడ్డి పక్క బెర్తు వేయించుకున్నాను. అది కావాలని అడిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదని ఆయన అన్నాడు. ఆ దారంతా నాకు కిటికీలోంచి కనిపించిన ఊళ్లకంటే ఆ తలుపు గడియే బాగా గుర్తుంది.

పలాసలో దిగగానే జీడిగింజలు కాల్చిన పొగ గొంతులో పట్టుకుంది. నీలవేణి ఎదురొచ్చి, సామాను కిందపెట్టకుండానే తనకి తెలిసిన ఒక జీడి ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. షెడ్డు నిండా ఆడవాళ్లు వరసగా కూర్చుని గింజ పగలగొట్టి పప్పు తీస్తున్నారు. తొక్కలోని జిడ్డుకి అందరి వేళ్లూ నల్లబడి ఉన్నాయి. మాటలు ఆగడం లేదు, చేతులూ ఆగడం లేదు, పప్పు మాత్రం ఒక్కటీ విరగడం లేదు. ఏలూరులో గాజుసీసాలో దాచుకునే సైజు పప్పు ఇక్కడ సంచుల్లో పోసి ఉంది, ధర మా ఊళ్లో సగానికి కాస్త పైన. ఒకామె గుప్పెడు పప్పు నా చేతిలో పోసింది. తినకుండా రుమాల్లో కట్టుకున్నాను. మా ఊళ్లో ఇచ్చింది దాచుకుంటే మర్యాద, ఇక్కడ ఇచ్చినవాళ్ల ముందే తినాలట. నా తరఫున నీలవేణి నాలుగు నోట్లో వేసుకుంది.

ఉద్దానం

అక్కణ్నుంచి సముద్రం వైపు వెళ్లే బస్సెక్కాం. కాసేపటికి రోడ్డుకి రెండువైపులా కొబ్బరి, జీడి, పనస తప్ప వేరే ఏమీ కనిపించలేదు. మా వైపు ఎండలో నడిస్తే మాడు పగిలిపోతుంది, ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నీడలో నడవొచ్చు.

నీలవేణి అత్తగారు అప్పాయమ్మ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి, నడుం వంగలేదు, నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఏటి పంతులమ్మా, ఇలాగెండిపోయినావు? మీ ఊర్లో కూడు నేదేటి?"

ఉంది గానీ నిలవడం లేదని నా కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, రేపట్నుంచి నువ్వు నాతో తిను అంది. ఏం తినాలో చెప్పలేదు. ఆ పూట నా కోసమని సన్నబియ్యం కుక్కర్లో వండారు, పనసకాయ కూర చేశారు. నేను రెండు ముద్దలు తిని, అలవాటు ప్రకారం పెరటి దారి ఎటో ముందే కనుక్కుని పడుకున్నాను.

మర్నాడు తెల్లవారాక లేచేసరికి అప్పాయమ్మ జీడితోటకి వెళ్లింది. రాలిన గింజలు ఎండెక్కకముందే ఏరుకోవాలి. నీలవేణి స్నానం చేస్తోంది. ఊరికే కూర్చోలేని ప్రాణం నాది, పైగా ఇద్దరాడవాళ్లున్న ఇంట్లో అతిథిగా కాళ్లు చాపుకోవడం మా అమ్మ నేర్పలేదు. ఇల్లు ఊడ్చాను, గిన్నెలు తోమాను. పొయ్యి పక్కన మూతికి గుడ్డ కట్టిన ఒక నల్లటి మట్టికుండ కనిపించింది. విప్పి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన తెల్లటి మడ్డి, దానిమీద బుడగలు, ముక్కు అదిరే పుల్లటి వాసన. ఎప్పటిదో కుళ్లిపోయిన అన్నం, పాపం ముసలామె మరిచిపోయింది అనుకున్నాను. మడ్డి తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో పోశాను. కుండని కొబ్బరి పీచుతో తోమి, బ్యాగులోంచి బ్లీచింగ్ పౌడర్ తీసి పట్టించి, మరిగే నీళ్లు పోసి, ఎండలో బోర్లించాను. ఏడు నెలల్లో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు.

అప్పాయమ్మ ఒళ్లో గింజలతో వచ్చి, బోర్లించిన కుండ ముందు ఆగిపోయింది.

"ఎవులు కడిగినారు?"

నేనే అని సంతోషంగా చెప్పాను. ఆమె గింజలు కిందపెట్టి, కుండ ఎత్తి, లోపల వాసన చూసి, మళ్లీ బోర్లించింది. లోపలికి వెళ్లిపోయింది. నీలవేణి తడిజుట్టుతో వచ్చి, సంగతి తెలిసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అది తరవాణి కుండ. వార్చిన గంజి, పిడికెడు అన్నం రోజూ అందులో పోస్తారు. అది పులిసి తేరితే ఆ నీటిని కలి అంటారు. పొద్దున్నే అందులో అన్నం కలుపుకుని ఉల్లిపాయ నంజుకుని తింటారు. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు, కడగరు. అడుగున మిగిలిన మడ్డే మర్నాటి గంజిని పులియబెడుతుంది. కుండ పగిలితే ఆ మడ్డిని కొత్తకుండలోకి మారుస్తారు. అప్పాయమ్మ అత్తగారు కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంట్లో ఆ కలి ఉందట. ముందురోజు నా కోసం కుక్కర్ పెట్టడంతో గంజి లేక, కుండలో అడుగు మాత్రమే మిగిలింది. ఆ అడుగునే నేను కొబ్బరిచెట్టుకి తాగించాను.

మళ్లీ గంజి పోస్తే పులవదా అని అడిగాను. పులుస్తుంది గానీ ఏం వచ్చి చేరుతుందో ఎవరికి తెలుసు, ఒకసారి పులుపు పడుతుంది, ఒకసారి కంపు కొడుతుంది అని నీలవేణి అంది. ఊళ్లో నాలుగిళ్లు అడిగాం. అందరూ ఇడ్లీకి, టీకి మారిపోయారు. కుండలున్నాయి గానీ వాటిలో చింతపండు, ఉప్పు పోసుకున్నారు.

ఆ పొద్దున అప్పాయమ్మ ఏమీ తినలేదు. ఇడ్లీ పెడితే కంచం పక్కకి జరిపింది. నేను ఎదురుగా కూర్చుని తప్పైపోయిందన్నాను.

"నువ్వు మంచికే సేసినావమ్మా, నిన్నేటీ అనను. కానీ నా కడుపు దానికలవాటు పడిపోనాది. అది పడకపోతే కదల్దు."

నాకు తల కొట్టేసినట్టయింది. మందులు నా కడుపుకి ఏం చేశాయో ఆ కుండకి నేను అదే చేశాను. అదీ మంచికే చేశాను.

టెక్కలి, సంతబొమ్మాళి

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు సారెతోపాటు చెంబుడు కలి, మూతికి పసుపుగుడ్డ కట్టి పంపుతారు. అప్పాయమ్మ కూతురు చిన్నమ్మడు సంతబొమ్మాళిలో ఉంది. ఆమె దగ్గర ఉండాలి. ఫోను లేదు, వెళ్లి చూడ్డమే దారి. మూడోరోజు పొద్దున్నే నీలవేణీ నేనూ స్టీలు క్యాను పట్టుకుని బయల్దేరాం.

టెక్కలిలో బస్సు మారాలి. కాంప్లెక్సు బయట పనసపండు కోసి తొనలు లెక్కన అమ్ముతున్నారు, రూపాయికి రెండు. ఒక పెద్దాయన రెండు పనసకాయలు తెచ్చి నా కాళ్ల మీద పెట్టి, జాగ్రత్తమ్మా అని వెనక సీట్లోకి వెళ్లిపోయాడు. మా వైపు బస్సులో పరిచయమైతే ఎక్కడిదాకా అని అడుగుతారు. ఇక్కడ ఏం తిన్నారు అని అడుగుతున్నారు. ముగ్గురు అడిగారు, ముగ్గురికీ రొట్టె అని చెప్పాను, ముగ్గురూ జ్వరమా అన్నారు.

చిన్నమ్మడు మమ్మల్ని చూసి పొంగిపోయింది, క్యాను చూసి తల దించుకుంది. కొత్త ఫ్రిజ్జు కొన్నాక కుండ తీసేశారట. అది పెరట్లో ఉంది, అందులో కరివేపాకు మొక్క ఏపుగా ఎదుగుతోంది. ఆమె భర్త రోజూ గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాడని నీలవేణి నాకు మోచేత్తో పొడిచి చూపించింది. ఇక తిరిగి వెళ్లిపోదామని లేచాం. చిన్నమ్మడు గుమ్మం దాకా వచ్చి ఆపింది.

"మాయమ్మ సెప్పదు గానీ, నాను సూసినాను. సిన్నప్పుడు బారువ నుంచి ఎండుసేపల పోలమ్మ ఒచ్చేది. దాని గుంటడికి ఇరేచనాలు కట్టకపోతే, అమ్మ పెరటి గుమ్మంలోంచి సెంబుడు కలి ఇచ్చింది. నాన్నమ్మకి తెలిస్తే ఊరుకోదని నన్ను ఒట్టెయ్యమంది."

పాతికేళ్ల కిందటి మాట. చేపలమ్మే మనిషికి ఇంటి కలి ఇవ్వడం ఆ రోజుల్లో అప్పాయమ్మ అత్తగారు ఒప్పుకునేది కాదు. పోలమ్మ ఉందో లేదో, ఉన్నా కుండ ఉంచిందో లేదో తెలియదు. అయినా బారువ వెళ్లాలని నేనే పట్టుబట్టాను.

బారువ

నాలుగోరోజు సోంపేట మీదుగా బారువ చేరాం. ఇసక మీద పడవలు, పక్కనే పరదాల మీద ఎండుతున్న నెత్తళ్ల చేపలు. ఆ వాసనకి మామూలుగా నేను వెనక్కి తిరిగి బస్సెక్కేదాన్ని. పోలమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. ఆమె చుట్టని మా ఊళ్లో మగవాళ్లలా కాకుండా నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ వల బాగుచేస్తోంది. నోరు ఎలా కాలదో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పాయమ్మ ఇంటినుంచి వచ్చామనగానే చుట్ట తీసేసి లేచి నిలబడింది. సంగతి విని లోపలికి నడిచింది. చీకటి మూలలో, గుడ్డ కట్టిన కుండ. విప్పింది. అదే వాసన. రెండు రోజుల క్రితం ముక్కు మూసుకుని పారబోసిన ఆ వాసనకే ఇప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాను దీన్నొదిల్తానేటమ్మా. తుపానుకి ఇల్లు పడిపోయినప్పుడు ముందు గుంటల్నెత్తుకున్నాను, ఎనక్కెల్లి దీన్నెత్తుకున్నాను."

ఆనాడు విరేచనాలతో వడిలిపోయిన ఆ పిల్లవాడు ఇప్పుడు సొంత పడవ మీద సముద్రంలో ఉన్నాడట. కలి ఒక్కటే వాణ్ని బతికించిందని నేను చెప్పను, సైన్సు టీచర్ని. పోలమ్మ మాత్రం అదే చెప్పింది.

క్యాను నింపేముందు మమ్మల్ని కూర్చోబెట్టి సత్తుగిన్నెల్లో తరవాణి పోసింది. అందులో అన్నం, పైన వేయించిన నెత్తళ్లు, పచ్చిమిరపకాయ. నీలవేణి నావైపు చూసింది. ఇచ్చినవాళ్ల ముందే తినాలన్న మాట గుర్తుంది. చేతులు కడుక్కోవడానికి సబ్బు అడగాలనిపించింది, అడగలేదు. మొదటి గుక్క నాలుకని లాగేసింది. రెండోది చల్లగా దిగింది. గిన్నె ఖాళీ చేశాను. తర్వాత గంటసేపు ఇసకలో కూర్చుని కడుపు మీద చెయ్యి వేసుకుని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు.

తిరుగుబస్సులో ఒక చిన్న ప్రమాదం జరిగింది. కలి ఒలుకుతుందని క్యాను మూత బిగించి పెట్టాను. ఎండకి, కుదుపులకి లోపల గాలి ఊరి, కండక్టరు టిక్కెట్టు చింపుతుండగా మూత టప్పున ఎగిరింది. ఆయన ఖాకీ చొక్కా మీద సగం కలి పడింది. బస్సంతా నవ్వు. ఆయన చొక్కా వాసన చూసుకుని, మాయమ్మ కుండ గుర్తొచ్చింది అన్నాడు, టిక్కెట్టు డబ్బులు మాత్రం వదల్లేదు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. అంత ఊపిరి ఉందంటే అందులోవి బతికే ఉన్నాయి. మిగిలిన సగాన్ని మూత వదులుగా పెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఇంటిదాకా తెచ్చాను.

మళ్లీ ఉద్దానం

దారంతా నా భయం ఒకటే. పోలమ్మకి అప్పట్లో దొంగతనంగా ఇచ్చిన అప్పాయమ్మ, ఇప్పుడు ఆ ఇంటినుంచి వచ్చినదాన్ని తీసుకుంటుందా? అప్పాయమ్మ నాలుగోరోజూ పొద్దున ఏమీ తినలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు కొరికి లేచిపోతోంది. క్యాను ఆమె ముందు పెట్టి, ఎక్కడినుంచి తెచ్చామో దాచకుండా చెప్పాను. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా నిలబడి వింటున్నారు.

ఆమె మూత తీసి వాసన చూసింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఇంకోసారి ముంచి చూసింది.

"ఇది నాదే" అంది. తర్వాత నీలవేణి వైపు తిరిగి, వీధిలోవాళ్లకి కూడా వినపడేట్టు చెప్పింది. "పోలమ్మకి కబురెట్టు. ఈపాలి పెరటి గుమ్మం కాదు, ఈది గుమ్మంలోంచి రమ్మను."

కుండని నేను పట్టించిన బ్లీచింగ్ పోయేదాకా మూడుసార్లు నీళ్లతో నానబెట్టి, గంజి వార్చి చల్లారబెట్టి, కలి పోసి గుడ్డ కట్టింది. మర్నాడు పొద్దున ఒక్క బుడగ కనిపించింది. గంజి వాసన తప్ప ఇంకేం రాలేదు. నేను ఆ రోజు పదిసార్లు గుడ్డ విప్పి చూశాననీ, అలా చూస్తే పులవదనీ నన్ను తిట్టారు. ఆరోరోజు పొద్దున అప్పాయమ్మ గుడ్డ విప్పగానే వాసన వంటగది దాటి అరుగు మీదికి వచ్చింది. కుండ మీద బుడగలు నురగ కట్టాయి. ఆమె మూడు గిన్నెల్లో పోసి, మొదటిది నాకిచ్చింది. నేను తాగేదాకా తను ముట్టుకోలేదు. తర్వాత గిన్నె ఎత్తి, ఆపకుండా తాగి, మూతి తుడుచుకుని, గట్టిగా తేన్చింది. నాకు స్కూల్లో ఏ పిల్లకి స్టేట్ ఫస్ట్ వచ్చినా అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత నాలుగు పొద్దులు నేను ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. మధ్యాహ్నం పనసకూర తిన్నాను, చేపల పులుసు తిన్నాను, పలాస ఫ్యాక్టరీ ఆమె ఇచ్చిన జీడిపప్పు రుమాల్లోంచి తీసి తిన్నాను. కుండ ఒక్కటే నన్ను బాగుచేసిందని ప్రమాణం చెయ్యను. నెలలు గడిస్తే పేగులు వాటంతటవే కుదుటపడతాయని, పులుపు సాయం చేసి ఉండొచ్చని, భయం పోవడం కూడా మందేనని మా డాక్టరు గారు తర్వాత అన్నారు. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చుకునే ఓపిక నాకు లేదు, ఆకలి వేస్తోంది.

ఏలూరు వైపు

అప్పాయమ్మ క్యానులో కలి పోసి, మూతికి పసుపుగుడ్డ కట్టి ఇచ్చింది. ఆడపిల్లకి కట్టే గుడ్డ అది. నీలవేణి చూసింది, నేనూ చూశాను.

"క్యాను కడగకు పంతులమ్మా" అంది ఆమె.

స్టేషనులో టీసీ ఏ బెర్తు కావాలని అడిగాడు. మధ్యలో, కిటికీ పక్కన అన్నాను. విజయనగరంలో ఇడ్లీ తిన్నాను. తునిలో మామిడిపండ్లు కొన్నాను. సామర్లకోటలో వేడి బజ్జీలు, ఎదురు సీటు ఆమె ఇచ్చిన పులిహోర, రాజమండ్రిలో గోదావరి మీద టీ. అన్నీ ఇచ్చినవాళ్ల ముందే తిన్నాను. దారిలో ప్రతి ఊరూ చూశాను, పొలాలు చూశాను, వంతెనలు లెక్కపెట్టాను. ఆ పెట్టెలో మరుగుదొడ్డి తలుపు ఏ రంగుదో నాకు తెలియదు.

ఇంటికి రాగానే కొత్త మట్టికుండ కొని, కలి పోసి, గంజి వార్చి పోశాను. మూడోరోజుకి పులిసింది. అప్పుడు బీరువా తెరిచి, చీరల కింద ఉన్న రాజీనామా కాగితం తీసి చింపేశాను.